బహుమతిగా ఇచ్చే ఫడ్జ్‌కి వేడి అంకె, డబ్బాలో చీటీ రెండూ కావాలి

సంపాదకుడు గారికి నమస్కారం.

డిసెంబర్ వచ్చిందంటే మీ ఆదివారం వంటల పేజీలో ఫడ్జ్, అంటే పాలు, పంచదార, వెన్నతో చేసి ముక్కలుగా కోసే మెత్తటి మిఠాయి, ఉండి తీరుతుంది, ఈసారి "ఇంట్లోనే చేసి పండగకి బహుమతిగా ఇవ్వండి" అన్న శీర్షికతో వచ్చింది. ఆలోచన నాకు చాలా నచ్చింది. మన చేత్తో చేసిన తీపి ఇచ్చినప్పుడు తీసుకునేవాళ్ల సంతోషమే వేరు. కానీ బహుమతి అన్న మాట శీర్షికలోనే ఆగిపోయింది, లోపలంతా మనమే చేసుకుని మనమే తినేసే వంటలా రాశారు. మనింట్లో అయితే ఫడ్జ్ గట్టిపడకపోయినా చెంచాతో తినేస్తాం, అందులో ఏం వేశామో అందరికీ తెలుసు, రెండు రోజుల్లో ట్రే ఖాళీ అవుతుంది. ఇంకో ఇంటికి వెళ్లే డబ్బా సంగతి అలా కాదు, అది మన చేయి దాటాక ఏం జరుగుతుందో మనం చూడం. అందుకే నేను అడిగేది రెండే. పాకం వేడి అంకెల్లో వేయండి, డబ్బాలో ఒక చీటీ పెట్టమని పాఠకులకి చెప్పండి.

మొదట వేడి సంగతి. "చిక్కబడే వరకు ఉడికించాలి" అని ఒక్క ముక్కలో తేల్చేశారు. చిక్కదనం ఒకరి కంటికి ఒకలా కనబడుతుంది, పైగా పాలు వెన్న కోకో కలిసి ఉడుకుతున్నప్పుడు పాకం మొదట్నుంచీ చిక్కగానే ఉంటుంది, ఇంకెక్కడ ఆపాలో కొత్తగా చేసేవాళ్లకి ఎలా తెలుస్తుంది? పంచదార, పాలతో ఉడికించే ఫడ్జ్ పాకం 112 నుంచి 116 డిగ్రీల సెల్సియస్ మధ్య దిగాలి. నీళ్లు ఆవిరైన కొద్దీ పాకం మరిగే వేడి పెరుగుతుంది కాబట్టి, లోపల ఇంకా ఎంత తడి మిగిలిందో ఆ అంకే చెప్పేస్తుంది. 110 దగ్గర దించేస్తే ముక్క కొయ్యడానికి రాదు, సాగుతుంది. 120 దాటనిస్తే పొడిబారి పెళుసుగా విరుగుతుంది. థర్మామీటర్ సరిగ్గా ఉందో లేదో ముందు మరిగే నీళ్లలో పెట్టి చూసుకోవాలి, సముద్ర మట్టానికి దగ్గర్లో అయితే 100 చూపాలి, ఎత్తైన చోట్ల ప్రతి 300 మీటర్లకి దాదాపు ఒక డిగ్రీ తగ్గుతుంది, ఎంత తగ్గిందో పాకం లెక్కలోనూ అంతే తగ్గించుకోవాలి. థర్మామీటర్ లేనివాళ్లు చల్లటి నీళ్ల గిన్నెలో ఒక బొట్టు పాకం వేసి వేళ్లతో దగ్గరికి తీస్తే మెత్తటి ఉండ అవ్వాలి, నీళ్లలోంచి తీసి వేళ్ల మధ్య పెట్టుకుంటే కాస్త అణగాలి. అదే ఉండపాకం. పరీక్ష చేసేంత సేపూ గిన్నె పొయ్యి మీంచి దించి ఉంచాలి, లేదంటే మనం చూసేలోపే పాకం ముదిరిపోతుంది.

దించాక అసలు ఓపిక కావాలి, దాని గురించి మీ వ్యాసంలో ఒక్క మాట కూడా లేదు. వెన్న ముక్క, వెనిల్లా పైన వేసేసి గరిటె పెట్టకుండా, గిన్నె కదపకుండా, 45 డిగ్రీల దాకా చల్లారనివ్వాలి. వేడి మీద కలిపితే పంచదార తొందరపడి పెద్ద పెద్ద పలుకులుగా కడుతుంది, నోట్లో రవ్వలా తగిలేది అదే. చల్లారాక కలిపితే సన్నటి పలుకులు ఒక్కసారిగా లెక్కలేనన్ని పుడతాయి, నాలుకకి తెలియనంత చిన్నవి, ఫడ్జ్ నున్నగా వచ్చేది అందుకే. గిన్నె అంచుకి అంటుకున్న పంచదార రేణువు ఒక్కటి లోపల పడినా చాలు, మొత్తం పాకం రవ్వ కట్టడానికి. కాబట్టి మరగడం మొదలవగానే రెండు నిమిషాలు మూత పెడితే ఆవిరికి అంచులు కడిగినట్టవుతాయి, లేదా తడి బ్రష్‌తో తుడవాలి. కాస్త గ్లూకోజ్ సిరప్ కలిపినా పలుకు కట్టడం తగ్గుతుంది.

తర్వాత చెక్క గరిటెతో కలపడం. మొదట్లో పాకం అద్దంలా మెరుస్తూ గరిటె వెనకాలే సాగుతుంది, కలుపుతూ కలుపుతూ ఉంటే గరిటె బరువెక్కుతుంది, రంగు ఒక ఛాయ తేలుతుంది, ఆ మెరుపు ఒక్కసారిగా మందగిస్తుంది. అదే పొయ్యాల్సిన క్షణం. బటర్ పేపర్ పరిచిన ట్రే అప్పటికే పక్కన సిద్ధంగా ఉండాలి, ఇంకో నిమిషం ఆగితే గిన్నెలోనే గట్టిపడుతుంది. ఒకవేళ రవ్వగా వచ్చిందే అనుకోండి, పారెయ్యక్కర్లేదు, కొంచెం నీళ్లు పోసి సన్న మంట మీద పూర్తిగా కరిగించి మళ్లీ అదే వేడికి తీసుకురావచ్చు. ఈ మాట మీరు రాసి ఉంటే ఎంతమందికి ధైర్యంగా ఉండేదో.

కండెన్స్‌డ్ మిల్క్‌తో చేసేదానికి ఇంత టెన్షన్ లేదు. 400 గ్రాముల డబ్బాకి దాదాపు 500 గ్రాముల డార్క్ చాక్లెట్ వేసి సన్న సెగ మీద కరిగించి ట్రేలో పోస్తే ఫ్రిజ్‌లో గట్టిపడుతుంది, చాక్లెట్ తగ్గిస్తేనే మెత్తగా ఉండిపోతుంది. మైక్రోవేవ్‌లో అయితే కొద్దికొద్దిగా వేడి చేస్తూ మధ్యలో కలపాలి, అంతే.

చాలా డబ్బాలు పంచాలని కొలతలు రెట్టింపు చేసి ఉడికించే పద్ధతి మాత్రం వద్దని గట్టిగా రాయండి. ఉడకడానికీ చల్లారడానికీ ఎక్కువసేపు పడుతుంది, అంత ముద్దని చేత్తో కలపడం మామూలు మాట కాదు. ఇంకో విడత చేసుకోవడమే మేలు. 20 సెంటీమీటర్ల చదరపు ట్రేలో పోసినదాన్ని రెండున్నర సెంటీమీటర్ల ముక్కలుగా కోస్తే 64 వస్తాయి, ఫడ్జ్ బాగా తీపి కాబట్టి మనిషికి ఒకటి రెండు చాలు, డబ్బాకి 12 చొప్పున అయిదు డబ్బాలకి సరిపోతుంది. ఫడ్జ్ గురించి పాతకాలం నుంచి వచ్చిన కబుర్లలో ఒకటి అమెరికాలోని వాసర్ కాలేజీది, ఎమెలిన్ హార్ట్రిడ్జ్ అనే విద్యార్థిని 1888లో అక్కడి వేలం కోసం 30 పౌండ్లు, అంటే 13.5 కిలోలకి పైనే చేసిందట. అంటే ఇది మొదట్నుంచీ మామూలు మనుషులు నలుగురికీ పంచడానికి చేసుకున్న తీపే, కొలత తెలిస్తే ఎవరికైనా వస్తుంది.

ఇక చీటీ. నేను ఈ ఉత్తరం రాయడానికి అసలు కారణం ఇదే. మా ఇంట్లో వేరుశెనగ పడని పిల్లాడున్నాడు. నిరుడు ఎంతో ప్రేమగా ఒకరు ఇచ్చిన ఫడ్జ్ డబ్బా వచ్చింది, రిబ్బన్ కట్టి, బంగారు రంగు కాగితంలో చుట్టి. అందులో ఏముందో ఎక్కడా రాయలేదు. ఫోన్ చేస్తే ఎత్తలేదు. మిగతా పిల్లలు తింటుంటే వాడు పక్కన కూర్చుని చూశాడు, ఆ సాయంత్రం మాకెవరికీ ఆ తీపి సయించలేదు. ఇచ్చినవాళ్ల తప్పని నేననను, చీటీ పెట్టాలని వాళ్లకి చెప్పినవాళ్లు ఎవరూ లేరు. పడనివాళ్లకి వేరుశెనగ, జీడిపప్పు, బాదం లాంటివి కొద్దిగా తగిలినా ప్రాణం మీదికి రావచ్చు. పాలు పడనివాళ్లూ ఉంటారు. కాబట్టి వేసిన ప్రతి వస్తువూ రాయాలి, పప్పులు లేకపోయినా అదే గిన్నెలో అదే కత్తితో పప్పులున్నది కూడా చేసి ఉంటే ఆ ముక్కా రాయాలి. రెండు రకాలూ చేస్తుంటే పప్పుల్లేనిది ముందు చేసి, కోసి, మూత పెట్టేశాకే రెండోది మొదలుపెట్టాలి.

చీటీ మీద చేసిన తేదీ ఉండాలి, ఎలా దాచుకోవాలో ఉండాలి. పాకంతో చేసినది గాలి చొరని డబ్బాలో బయట వారం రోజులు బాగుంటుంది, కండెన్స్‌డ్ మిల్క్‌ది ఫ్రిజ్‌లో రెండు వారాలు. పూర్తిగా చల్లారకముందే మూత పెడితే లోపల చెమట పట్టి పైపొర జిగటగా అవుతుంది, వరసకీ వరసకీ మధ్య బటర్ పేపర్ వెయ్యాలి. పిప్పర్‌మెంట్ వాసన ఉన్నదాన్ని మామూలు చాక్లెట్ ఫడ్జ్‌తో ఒకే డబ్బాలో పెడితే రాత్రికి రాత్రే అన్నీ పిప్పర్‌మెంట్ రుచి వచ్చేస్తాయి, కరకరలాడే బిస్కెట్లు పెడితే మెత్తబడతాయి.

ఇంకొక్క మాట. "పిల్లలతో కలిసి చేయండి" అని రాశారు, సంతోషం, కానీ 115 డిగ్రీల పాకం చర్మం మీద పడితే నీళ్లలా జారిపోదు, అంటుకుని కాలుస్తూనే ఉంటుంది. పాకం చల్లారేదాకా పిల్లల్ని పొయ్యికి దూరంగా ఉంచి, ముక్కలు చుట్టడం, చీటీలు రాయడం వాళ్లకి అప్పజెప్పమని రాయండి.

క్రిస్మస్‌కి ఇంకా రెండు ఆదివారాలున్నాయి. వచ్చే వారం పేజీలో ఒక మూల చిన్న పెట్టె కట్టి, పాకం వేడి, నిల్వ రోజులు, కత్తిరించి డబ్బాలో పెట్టుకునేలా ఒక చీటీ నమూనా అచ్చు వేయండి. చీటీలో వస్తువుల పేర్ల కోసం జాగా కాస్త ఎక్కువ వదలండి, పప్పులున్నాయా లేవా అన్నది అన్నిటికంటే పైన పెద్ద అక్షరాల్లో ఉండాలి.

ఇట్లు,
మీ పేజీని ప్రతి ఆదివారం చదివే పాఠకురాలు