మన పులస పుట్టుక ఎక్కడ?

సంపాదకులు గారికి నమస్కారం.

వారం కిందట యానాం రేవులో పులస చేపల వేలంపాట జరుగుతుంటే ఆగి చూశాను. కిలోన్నర ఉంటుందేమో, వెండి మెరుపు తగ్గి ఒళ్లు కాస్త గోధుమ రంగుకి తిరిగింది, వేలల్లో పలికింది. పక్కనే ఐస్ పెట్టెలో ఒడిశా నుంచి దిగిన సముద్రపు విలసలున్నాయి. ఒకసారి అలాంటివే పులస అని చెప్పి నాకు అంటగట్టారు, ఆ బాధ అలా ఉంచండి, అసలీ రెండూ ఒకే సంతతా, వేర్వేరా?

నేనడిగేది రుచి సంగతి కాదు. విలస వరదల ఎర్రనీటికి ఎదురెక్కి గోదావరిలోకొస్తే పులస అవుతుందని ఇక్కడ చిన్నపిల్లలకీ తెలుసు. ఆ తేడా డీఎన్‌ఏ పరీక్షకి దొరకదు, అది పుట్టుక చెబుతుంది గానీ ఏ నీళ్లలో ఈదిందో చెప్పదు. దానికి చేప చెవిలో ఉండే చిన్న రాయిని పరీక్షించాలి. నాకు కావలసింది పుట్టుకే. గోదావరిలో పుట్టిన పిల్ల సముద్రంలో పెరిగి మళ్లీ గోదావరికే వస్తుందనుకోండి, ఇక్కడి సంతతి అయిపోయిన రోజున బెంగాల్ హుగ్లీ నదిలో ఎన్ని చేపలున్నా మనకి రావు. అలాక్కాదు, బంగాళాఖాతమంతా ఒకే సంతతి అనుకుంటే, ఒడిశా, బెంగాల్, బంగ్లాదేశ్‌లతో కూర్చుని మాట్లాడకుండా మనమొక్కళ్లమే ఎన్ని నిషేధాలు పెట్టుకున్నా లాభం లేదు.

కెనడాలో ఫ్రేజర్ నదికొచ్చే సాకై సాల్మన్‌కి ఈ పని చేస్తూనే ఉన్నారు. సీజన్ నడుస్తుండగానే పట్టిన చేపల నుంచి నమూనాలు తీసి, ఏ ఉపనది గుంపు ఎంత వస్తోందో డీఎన్‌ఏతో లెక్కగట్టి, దాన్ని చూసుకుని వేట తెరవడమా ఆపడమా అని తేలుస్తారు. మనకీ పెద్ద హంగామా అక్కర్లేదు. రెక్క అంచున గోరంత ముక్క కత్తిరించి స్పిరిట్ సీసాలో వేస్తే చాలు, చేప ధర పైసా తగ్గదు. లక్నోలో చేపల జన్యు వనరుల కోసమే జాతీయ సంస్థ ఉంది. అంతర్వేది, భైరవపాలెం, యానాం రేవుల్లో రెండు మూడేళ్లు వరసగా నమూనాలు తీసి ఒడిశాలోని పారదీప్, బెంగాల్లోని డైమండ్ హార్బర్ చేపలతో పోల్చి చూడాలి.

సముద్రంలో వేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు. పులస ఏరెక్కేది జూలై నుంచి. అంటే తల్లిచేప నది మొగ దగ్గరికి చేరేసరికి బోట్లన్నీ సముద్రంలోనే ఉంటాయి. తప్పించుకుని పైకొచ్చినా ధవళేశ్వరం దగ్గర గోడ అడ్డం, 1852లో కాటన్ దొర ఆనకట్ట పూర్తయిన నాటి నుంచీ ఇదే వరస. ఏ సంతతికి ఎన్నాళ్లు, ఎక్కడ వేట ఆపాలో తెలియకుండా తేదీలు పెడితే మత్స్యకారుడికి పస్తు మిగులుతుంది, చేప మిగలదు.

ఆ రోజు పాటలో చేప కడుపు నొక్కి చూసి "గుడ్లున్నాయి బాబూ" అని ఇంకో రెండొందలు పెంచారు. అందరూ సంతోషించారు, నాకు మాత్రం మనసు ఒప్పలేదు. సెప్టెంబరు దాటితే ఎర్రనీళ్లు తగ్గిపోతాయి, మత్స్యశాఖ ఈలోపే సీసాలు పట్టుకుని రేవుకి రావాలి.

– ఒక పాఠకుడు, కోనసీమ