అవయవదానం గురించి అడిగే మనిషి ప్రతి జిల్లా ఆసుపత్రిలో ఉండాలి

సంపాదకులు గారికి,

నమస్కారం. 2024 మార్చిలో బోస్టన్‌లో పంది కిడ్నీని మనిషికి అమర్చినప్పటి నుంచి ఆ వార్తలు ఒక్కటీ వదలకుండా చదువుతున్నాను. మొదట పెట్టించుకున్నాయన రెండు నెలలకే పోయారు. ఆ తర్వాత ఒకరికి దాదాపు తొమ్మిది నెలలు పనిచేసింది. సంతోషమే. కానీ అది మన దాకా వచ్చేవరకు మా తమ్ముడు ఆగలేడు. వారానికి మూడుసార్లు డయాలసిస్ చేయించుకుంటూ, చనిపోయినవాళ్ల అవయవాల కోసం ప్రభుత్వం నడిపే జీవన్‌దాన్ జాబితాలో పేరు రాయించుకుని ఎదురుచూస్తున్నాడు.

1998లో వాడికి నా కిడ్నీ ఇచ్చాను. అప్పట్లో డొక్కలో పెద్ద కోత పెట్టి, పక్కటెముక ముక్క తీసి, కిడ్నీ బయటికి తీశారు. ఈమధ్య మా వీధిలో కొడుక్కి కిడ్నీ ఇచ్చినావిడకు చిన్న చిన్న రంధ్రాలతో చేసే లాప్రోస్కోపీ ఆపరేషన్ చేస్తే నాలుగు రోజుల్లో ఇంటికొచ్చేసింది. తమ్ముడి కిడ్నీలు ఉన్నచోటే ఉంచి, నాది పొత్తికడుపులో కుడివైపు పెట్టారు. వాడు అక్కడ చెయ్యిపెట్టి "అక్కా, నీది ఇక్కడుంది చూడు" అనేవాడు. పెట్టిన కిడ్నీని ఒళ్లు తిరస్కరించకుండా ఇచ్చిన సైక్లోస్పోరిన్ మందు వల్ల ముఖమంతా వెంట్రుకలొచ్చి, చిగుళ్లు వాచాయి. అదే పనిచేసే టాక్రోలిమస్ మాత్రలకు మార్చాక తగ్గాయి. పొద్దున తొమ్మిదికి ఒకటి, రాత్రి తొమ్మిదికి ఒకటి. పంపరపనస తింటే రక్తంలో మందు మోతాదు మించుతుందని మా మరదలు ఆ కాయను గడప దాటనివ్వలేదు. అలా కాపాడుకుంటే పాతికేళ్లు పనిచేసింది. 1954లో అమెరికాలో డాక్టర్ జోసెఫ్ ముర్రే చేసిన కిడ్నీ మార్పిడి గెలిచింది ఇద్దరూ ఒకే పోలిక కవలలు కాబట్టి. మాలాంటి మామూలు అక్కాతమ్ముళ్లకు దారి చూపింది ఈ మాత్రలే.

ఇప్పుడు మరదలు ఇస్తానంటే రక్తం గ్రూపు కలవలేదు. ఇలాగే గ్రూపు కలవని ఇంకో జంటతో కిడ్నీలు మార్చుకుందామంటే, నా కిడ్నీ వల్ల వాడి ఒంట్లో పుట్టిన యాంటీబాడీలు అడ్డొచ్చి, ఇద్దరి రక్తం కలిపి చూసే క్రాస్‌మ్యాచ్ పరీక్ష కుదరడం లేదు. అయినా ఎన్నాళ్లని అక్కలు, అమ్మలు, భార్యలే ఇస్తారు? మన దేశంలో బతికుండగా కిడ్నీ ఇచ్చేవాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లే.

మా బంధువుల పిల్లవాడు బైకు మీద నుంచి పడి, తలకు దెబ్బ తగిలి, ఒక జిల్లా ఆసుపత్రి ఐసీయూలో వెంటిలేటర్ మీద ఉన్నాడు. ఇక లాభం లేదని డాక్టర్లు చెప్పాక, తల్లిదండ్రులు తమంతట తామే అవయవాలు ఇస్తామన్నారు. బ్రెయిన్ డెత్, అంటే మెదడు పూర్తిగా చనిపోయిందని నిర్ధారించే ఏర్పాటు ఇక్కడ లేదని జవాబు వచ్చింది. గుండె ఆగేదాకా కూర్చుని, ఇంటికి తెచ్చుకున్నారు. ఆ తల్లి ఇప్పటికీ "వాడి కిడ్నీలన్నా బతికేవి గదా" అంటుంది.

నలుగురు డాక్టర్ల బృందం, కనీసం ఆరు గంటల తేడాతో రెండుసార్లు చేసే పరీక్షలు, ఆ కుటుంబం పక్కన కూర్చుని మాట్లాడగల కోఆర్డినేటర్: కావాల్సింది ఇదే. మార్పిడి చేయలేని ఆసుపత్రి కూడా అవయవాలు సేకరించే కేంద్రంగా నమోదు కావచ్చని అవయవ మార్పిడి చట్టానికి కేంద్రం తెచ్చిన 2011 సవరణ చెబుతోంది. దాన్ని మన తెలంగాణ శాసనసభ 2025 మార్చిలో ఆమోదించింది. ఆరోగ్య శాఖ మంత్రి గారు ప్రతి ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఆసుపత్రినీ అలా నమోదు చేయించి, ఏ జిల్లాలో ఎప్పటికి పూర్తవుతుందో తేదీలతో ప్రకటించాలని కోరుతున్నాను.

ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు,
హనుమకొండ