దుమ్ముకు నీళ్లు సరే, పొగ మాటేంటి?

సంపాదకుడు గారికి,

గత వారం మీ జిల్లా పేజీలో కర్నూలు గాలి గురించి వచ్చిన వార్తలో అధికారులిచ్చిన జవాబు ఇంకా మింగుడు పడటం లేదు. ట్యాంకర్లతో రోడ్లు తడుపుతున్నారట, ఇక బెంగ లేదట! మన ఎండకు ఆ తడి అరగంట నిలవదు. డివైడరు అంచున పేరిన మట్టిని పారతో ఎత్తి తీసుకుపోనంత వరకు బండి పోయిన ప్రతిసారీ లేస్తూనే ఉంటుంది.

అదీ కాక, రోడ్డు దుమ్ములో ఎక్కువ భాగం ముతకది. ముక్కులో, గొంతులో ఆగి దగ్గు తెప్పిస్తుంది. గుండెకు ఎసరు పెట్టేది పొగలోని సన్నటి నలుసు, పీఎం 2.5. అది ఊపిరితిత్తుల చివరి గాలి గదుల దాకా పోతుంది, మరీ సన్నవి రక్తంలోకే దిగుతాయి. రక్తనాళాల లోపొర వాస్తుంది, బీపీ పెరుగుతుంది, రక్తం త్వరగా గడ్డకడుతుంది. ముందే కొవ్వు పేరుకున్న చోట పూత చిట్లి గడ్డ అడ్డం పడితే అదే గుండెపోటు. స్టెంటు వేయించుకున్నవాళ్లకు, షుగరు ఉన్నవాళ్లకు గాలి చెడిన కొన్ని గంటల్లోనే ముప్పు రావచ్చు.

ఆ పొగ ఎక్కడిదో అధికారులకు తెలియదా? తెల్లారుజామున ఊడ్చిన ఆకులు, ప్లాస్టిక్ కవర్లు కుప్ప పోసి అగ్గిపుల్ల గీస్తారు. చలికాలంలో పైనున్న వెచ్చటి గాలి మూత పెట్టినట్టు ఉంటుంది, ఎండెక్కేదాకా పొగ పైకి పోదు. డాక్టరు నడవమన్నాడని పెద్దవాళ్లు బయటికొచ్చేదీ ఆ వేళకే. ఊడ్చేవాళ్లను అనడం లేదు. చెత్త బండి రాకపోతే ఆ కుప్పను వాళ్లు నెత్తిన పెట్టుకుంటారా?

చెత్త కాలిస్తే 5,000, పెద్ద ఎత్తున కాలిస్తే 25,000 రూపాయల జరిమానా అని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2016లోనే చెప్పింది. మన ఊళ్లో ఎవరి దగ్గర వసూలు చేశారో చెప్పండి. ఇంటి పన్ను నోటీసు మాత్రం తప్పకుండా వస్తుంది! డీజిల్ బండికి యాక్సిలరేటర్ తొక్కించి పొగ చూడకుండానే పొల్యూషన్ సర్టిఫికెట్ ప్రింటు తీసిచ్చే కాలమిది.

2019లో మొదలైన జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమంలో గాలి చెడిన నగరాల తొలి జాబితాలోనే కర్నూలు ఉంది. పీఎం 2.5కు 24 గంటల సగటు మన దేశంలో ఘనపు మీటరు గాలికి 60 మైక్రోగ్రాముల దాకా ఒప్పు, ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పింది 15. కాబట్టి గాలి నాణ్యత సూచీలో ‘సంతృప్తికరం’ అన్న మాట చూసి గుండె జబ్బున్నవాళ్లు మురిసిపోవద్దు. చేతిరుమాలు ఈ నలుసును ఆపదు. ఎన్95 మాస్కు అయినా ముక్కు పక్కన సందుంటే దండగే. ఎండ బాగా వచ్చాక నడవండి, బీపీ మాత్ర మానకండి.

ట్యాంకర్ల ఫొటోలు చాలు. ఏ వార్డుకు చెత్త బండి ఎన్ని గంటలకొస్తుందో, కుప్ప తగలబెడితే ఏ నంబరుకు ఫోను చేయాలో అధికారుల చేత మీ పేజీలోనే వేయించండి.

– ఒక పాఠకుడు, కల్లూరు, కర్నూలు