ఆర్చీ బంకర్‌ని ముక్కల్లో చూసి తేల్చేయకండి

ఎడిటర్ గారికి నమస్కారం,

మొన్న ఆదివారం మీ పేపర్లో అమెరికా పాత టీవీ సీరియల్స్ మీద వచ్చిన వ్యాసం చదివానండి. అందులో "ఆల్ ఇన్ ద ఫ్యామిలీ"కి దక్కింది రెండు పేరాలు, ఆ రెండింట్లోనూ చెప్పిందేంటంటే ఆర్చీ బంకర్ అనే నోటిదురుసు మనిషి అల్లుణ్ణి, పెళ్ళాన్ని, నల్లవాళ్ళని, యూదుల్ని తిడుతుంటే జనం పగలబడి నవ్వేవాళ్ళు, ఇప్పుడైతే అలాంటిది తీయలేరు అని. పైగా ఉదాహరణలకి ఇంటర్నెట్లో తిరిగే నిమిషం, రెండు నిమిషాల వీడియో ముక్కల్నే తీసుకున్నారు. నాకు ఈ సీరియల్ అంటే చాలా ఇష్టం, అందుకే ఉండబట్టలేక రాస్తున్నా. ఆర్చీని ముక్కల్లో చూస్తే అసలు విషయం తలకిందులైపోతుంది, నేను చెప్పదల్చుకున్నది ఇదొక్కటే.

తెలీనివాళ్ళ కోసం కాస్త చెప్తాను. 1971 జనవరి 12న సీబీఎస్ అనే అమెరికా టీవీ ఛానెల్లో మొదలైంది, 1979 దాకా నడిచింది, తీసింది నార్మన్ లియర్. బ్రిటన్లో అంతకుముందు వచ్చిన ఒక సీరియల్ దీనికి మూలం. న్యూయార్క్‌లో క్వీన్స్ అనే ఏరియా, 704 హౌసర్ స్ట్రీట్, అక్కడొక మామూలు ఇల్లు. ఇంటాయన ఆర్చీ సరుకులు ఎక్కించి దించే లోడింగ్ డాక్‌లో ఫోర్‌మన్, రెండో ప్రపంచయుద్ధంలో పనిచేసొచ్చినవాడు, అప్పటి ప్రెసిడెంట్ నిక్సన్ అంటే గౌరవం. భార్య ఈడిత్, కూతురు గ్లోరియా, అల్లుడు మైక్. మైక్ కాలేజీలో చదువుకుంటున్న లిబరల్ కుర్రాడు, వియత్నాం యుద్ధానికి వ్యతిరేకం, మామగారి మాట వినగానే ఒంటికాలి మీద లేస్తాడు. కానీ ఉండేది మామగారింట్లోనే, తినేది మామగారి తిండే, ఈ ఒక్క సంగతి మర్చిపోతే సీరియల్ అర్థం కాదండి. టీవీ డిబేట్లో అయితే నచ్చనివాడు మైకు పీకేసి వెళ్ళిపోవచ్చు, ఇక్కడ ఎంత అరుచుకున్నా మళ్ళీ భోజనానికి అదే బల్ల దగ్గర కూర్చోవాలి, బాత్రూమ్ కోసం అదే మెట్లెక్కాలి.

ఇప్పుడు ఆ ముక్కల సంగతికొద్దాం. అందరికంటే ఎక్కువ షేర్ అయ్యేది తుపాకుల ముక్క. 1972లో వచ్చిన ఎపిసోడ్ అది. టీవీలో తుపాకుల కంట్రోల్ కావాలని ఒకాయన చెప్తే ఆర్చీకి మండిపోయి, నేనూ టీవీలో సమాధానం చెప్తానని వెళ్తాడు, వెళ్ళి విమానాల హైజాకింగ్ ఆగాలంటే ఎక్కేటప్పుడే ప్రయాణికులందరికీ తలో పిస్తోలు ఇవ్వండి, దిగేటప్పుడు వెనక్కి తీసుకోండి అంటాడు. ఈ ముక్క ఒకళ్ళు "చూడండి ఎంత కరెక్టుగా చెప్పాడో" అని షేర్ చేస్తారు, ఇంకొకళ్ళు "చూడండి ఎంత మూర్ఖుడో" అని షేర్ చేస్తారు, ముక్క మాత్రం ఒకటే. మరి తర్వాత ఏమైంది? ఆర్చీ ఇంట్లోవాళ్ళతో కలిసి బార్‌కి వెళ్తాడు, అక్కడ అతన్ని టీవీలో చూసి గుర్తుపట్టిన మనుషులు భలే మాట్లాడావని మెచ్చుకుంటారు, ఆ మెచ్చుకున్నవాళ్ళే తుపాకీ తీసి దోచుకుంటారు! ఈ సగం ఆ వీడియోలో ఉండదు. రచయితలు ఎపిసోడంతా కట్టుకుంటూ వచ్చింది ఆ సీను కోసమే కదా, అది కోసేసి మిగిలింది చూపించి ఇదీ ఆర్చీ అంటే ఎలాగండి?

ముక్క చూసి కోపం తెచ్చుకున్నవాళ్ళలో అమెరికా ప్రెసిడెంటే ఉన్నాడు. 1971 మే నెలలో నిక్సన్ వైట్‌హౌస్‌లో మాట్లాడుకున్న మాటలు టేపుల్లో రికార్డయి తర్వాత బయటికొచ్చాయి. ఆయన బేస్‌బాల్ చూద్దామని టీవీ పెడితే ఈ సీరియల్ తగిలింది. ఆర్చీ ఎంతో మగాడని మెచ్చుకునే మాజీ ఫుట్‌బాల్ ప్లేయర్ తాను గే అని ఆర్చీ మొహం మీదే చెప్పే ఎపిసోడ్ అది. నిక్సన్ దాన్నేదో సినిమా అనుకున్నాడు, పేరు కూడా వేరే ఏదో చెప్పాడు, గేలని గొప్పగా చూపిస్తున్నారని మండిపడ్డాడు. అంత పెద్ద పదవిలో ఉన్న మనిషి కూడా ఏం చూస్తున్నాడో తెలీకుండానే తీర్పు చెప్పేసాడు.

ఇక్కడ మీ వ్యాసం రాసినవాళ్ళు నన్నొక ప్రశ్న అడగొచ్చు, పూర్తిగా చూసినవాళ్ళు మాత్రం సరిగ్గా అర్థం చేసుకున్నారా అని. న్యాయమైన ప్రశ్నే. 1974లో నీల్ విడ్మార్, మిల్టన్ రోకీచ్ అనే ఇద్దరు పరిశోధకులు అమెరికాలో, కెనడాలో ప్రేక్షకుల్ని అడిగి చూసారు. ఇతర జాతులంటే చిన్నచూపు ఎక్కువున్నవాళ్ళు ఆర్చీ వైపే మొగ్గారు, వాళ్ళ లెక్కలో ఆర్చీ నవ్వులపాలు కావడం లేదు. లియర్‌ని విమర్శించేవాళ్ళు ఇప్పటికీ ఇదే ఎత్తి చూపిస్తారు. నేను దీన్ని కాదనను. కానీ ఒక్కటి ఆలోచించండి, మొత్తం కథ ముందు పెడితేనే మనుషులు తమకి కావాల్సింది ఏరుకుంటున్నప్పుడు, కథ తీసేసి తిట్టొక్కటే పెడితే ఇంకేం మిగుల్తుంది? ఆ రోజుల్లో టీవీలో మొత్తం చూసేవాళ్ళకైతే ఆర్చీ మెరుస్తున్న ఆ ఐదు నిమిషాల తర్వాత ఇంట్లోవాళ్ళ మొహాలు కూడా చూడాల్సొచ్చేది, లేచి వెళ్ళిపోడానికి లేదు.

మొహాలంటే గుర్తొచ్చింది, ఈడిత్. మీ వ్యాసంలో ఆవిడ పేరొక్కసారి కూడా లేదు, ఇది మాత్రం నాకు చాలా బాధ కలిగించింది. ముక్కల్లో ఈడిత్ అంటే ఆర్చీ నోర్ముయ్ అనగానే నోరు మూసుకునే అమాయకపు మనిషి, అంతే. 1977లో ఈడిత్ కజిన్ లిజ్ చనిపోయిన ఎపిసోడ్ చూడండి. లిజ్‌తో ఏళ్ళ తరబడి కలిసి ఉన్న వెరోనికా, లిజ్ దాచుకున్న, వారసత్వంగా ఈడిత్‌కి రావాల్సిన వెండి టీ సెట్ తనకి గుర్తుగా ఉంచుకుంటానని అడుగుతుంది, మా ఇద్దరిదీ పెళ్ళిలాంటి బంధమే అని మెల్లగా చెప్తుంది. ఈడిత్‌కి అర్థం కావడానికి కాస్త టైమ్ పడుతుంది, కెమెరా ఆ మొహం మీదే ఉంటుంది, అర్థమయ్యాక ఆవిడ చేసే పని ఒకటే, టీ సెట్ నీ దగ్గరే ఉండాలి అంటుంది. ఆర్చీ గొడవకి దిగుతాడు, వెరోనికా టీచర్ కాబట్టి కోర్టుకెక్కితే సంగతి బయటపడుతుందని బెదిరించడానికి కూడా చూస్తాడు, ఈడిత్ అడ్డుపడి, అంత నీచమైన పని నువ్వు చేస్తావంటే నేను నమ్మలేను అన్నట్టు మాట్లాడుతుంది. రాజకీయం ఒక్క ముక్క రాదు ఆవిడ నోట. అమెరికాలో ఆ రోజుల్లో టీవీలో ఇలాంటి విషయం ఇంత మర్యాదగా చూపించడం చిన్న సంగతి కాదు.

ఇక అన్నిటికన్నా నాకు ముఖ్యమైంది 1976 డిసెంబర్ 25న, సరిగ్గా క్రిస్మస్ రోజున వచ్చింది. వియత్నాం యుద్ధం అప్పటికి అయిపోయింది కానీ సైన్యంలో చేరమని పిలుపొస్తే తప్పించుకుని కెనడా పారిపోయిన కుర్రాళ్ళ సంగతి తేలలేదు. మైక్ ఫ్రెండ్ డేవిడ్ అలాంటివాడే, పండక్కి దొంగచాటుగా వచ్చాడు. అదే భోజనానికి ఆర్చీ ఫ్రెండ్ పింకీ కూడా వచ్చాడు, ఆయన కొడుకు వియత్నాంలో చనిపోయాడు, పండగపూట ఒంటరిగా ఉన్నాడని ఆర్చీయే పిలిచాడు. బల్ల దగ్గర నిజం బయటపడింది. ఆర్చీ లేచి అరవడం మొదలెడతాడు, ఆ అరుపుల్లో ఎంత కోపముందో అంత దిగులూ ఉంది, యుద్ధమంటే జనం ఓటేసి తేల్చుకునేది కాదని, చచ్చిపోవాలని ఎవడికీ ఉండదని అంటూ గొంతు చించుకుంటాడు. ఆర్చీ వేషం వేసిన కారల్ ఓకానర్ అంత గొప్పగా చేసిన సీను ఇంకోటి లేదేమో. అప్పుడు ఆర్చీ పింకీ వైపు తిరుగుతాడు, కొడుకుని పోగొట్టుకున్నవాడు తన పక్షమే ఉంటాడని నమ్మకం. పింకీ ఏమంటాడంటే, మా వాడికీ యుద్ధం ఇష్టం లేదు, కానీ వాడు చెయ్యాలనుకున్నది వాడు చేసాడు, ఈ అబ్బాయి చెయ్యాలనుకున్నది ఈ అబ్బాయి చేసాడు, మా వాడు బతికుంటే ఇతనితో కలిసి కూర్చుని భోంచేసేవాడు, నేనూ అదే చేస్తాను అని డేవిడ్‌కి చెయ్యి కలుపుతాడు.

ఆర్చీకి అది మింగుడుపడదు. ఎపిసోడ్ ఐపోయేసరికి ఆయన మారిపోడు, కన్నీళ్ళు పెట్టుకుని కౌగిలించుకోడు, అలా తీసి ఉంటే నేను ఈ ఉత్తరం రాసేదాన్నే కాదు. ఇది వచ్చిన నెల తిరక్కుండానే, 1977 జనవరి 21న, పదవిలోకొచ్చిన మర్నాడే ప్రెసిడెంట్ కార్టర్ అలా తప్పించుకున్నవాళ్ళకి క్షమాభిక్ష ప్రకటించాడు. అంటే ఆ రాత్రి టీవీ ముందు కూర్చున్న ఎన్నో ఇళ్ళల్లో అదే గొడవ నిజంగా జరుగుతోందన్నమాట. ఇప్పుడు ఈ సీను ముక్కగా దొరికితే సాధారణంగా ఆర్చీ అరుపుల దగ్గరే ఆపేస్తారు, పింకీ నోరు విప్పకముందే.

లియర్ ఆర్చీని గాల్లోంచి పుట్టించలేదు. సొంత తండ్రే మూలం, ఆయన భార్యని నోర్ముయ్ అనే మాటా, కొడుకుని సోమరిపోతని తిట్టే తిట్టూ ఆ ఇంట్లోంచి వచ్చినవే. లియర్ రాజకీయంగా పూర్తిగా లిబరల్, ఆర్చీ మాటల్లో ఒక్కటీ ఒప్పుకునేవాడు కాదు, అయినా 1978 ఎపిసోడ్లో బార్ స్టోర్‌రూమ్‌లో మామా అల్లుళ్ళని రాత్రంతా బంధించి, చిన్నప్పుడు పేదరికంలో ఒక కాలికి షూ, ఒక కాలికి బూటు వేసుకుని స్కూలుకెళ్తే పిల్లలు ఎలా ఏడిపించారో ఆర్చీ చేతే చెప్పించారు. మీ నాన్న నేర్పింది తప్పని మైక్ అంటే, నాన్న కొట్టినా నాన్న తప్పు చెప్తాడా, నన్ను ప్రేమించిన మనిషి కదా అంటాడు ఆర్చీ. మైక్ దగ్గర దానికి సమాధానం లేదు. ద్వేషం ఒక మనిషిలోకి ఎలా వచ్చి చేరుతుందో అంత ప్రేమగా చూపించింది నేనైతే ఇంకెక్కడా చూడలేదు, తప్పుని ఒప్పని కూడా ఎక్కడా అనలేదు.

కాబట్టి ఎడిటర్ గారూ, మీ పేజీల్లో చోటుంటే ఈ సీరియల్ మీద ఇంకోసారి రాయించండి, ఈసారి రాసేవాళ్ళని కనీసం ఆ 1976 క్రిస్మస్ ఎపిసోడ్, ఆ లిజ్ ఎపిసోడ్ మొదట్నుంచి చివరిదాకా చూసి రాయమనండి. ఈడిత్ వేషం వేసిన జీన్ స్టేపుల్టన్ పేరు తప్పకుండా వెయ్యండి, ఆ పాత్రకి ఆవిడకి మూడు ఎమ్మీలు, అంటే అమెరికా టీవీ అవార్డులు, వచ్చాయి.

ఇట్లు,
మీ పాఠకురాలు