కమాను చెయ్యి కనబడేలా కూర్చోబెట్టండి

సంపాదకులకు నమస్కారం.

ఈకాలం పిల్లలకు హరికథ వయొలిన్ లాంటి పాత బాణీలు పట్టవన్న మాట కర్నూలు, అనంతపురం, కడపల్లో తరచూ వినబడుతోంది. వయొలిన్ నేర్పే మేం దీన్ని ఒప్పుకోం. పక్కన కూర్చుని చూసే వీలుంటే పిల్లలు నేర్చుకుంటారు.

అమెరికాలోని లూసియానాలో ఫ్రెంచి మూలాలున్న నల్లజాతి క్రియోల్ ప్రజల ఫిడేలు, అంటే వయొలిన్, సంగతే చూడండి. కాన్రే ఫాంటెనో చిన్నప్పుడు చుట్టల పెట్టెకు తలుపు జాలి తీగలు బిగించి తొలి ఫిడేలు చేసుకున్నాడు. 1966లో అకార్డియన్ (చేతుల్లో పట్టుకుని గాలితిత్తి సాగదీస్తూ వాయించే వాయిద్యం) కళాకారుడు బ్వా సెక్ ఆర్డ్వాన్‌తో కలిసి న్యూపోర్ట్ జానపద ఉత్సవంలో వాయించాడు. ఫాంటెనో 1995లో పోయినా బాణీ పోలేదు. 1983లో పుట్టిన సెడ్రిక్ వాట్సన్ లాంటివాళ్లు దాన్ని నేటికీ వాయిస్తున్నారు.

ఆ బాణీ అంతా కమాను పట్టే కుడిచేతిలో ఉంది, రాసిన స్వరాల్లో (నొటేషన్‌లో) దొరకదు. అక్కడి అకార్డియన్ ఎక్కువగా మన లెక్కలో ఒకటో శ్రుతి, పాశ్చాత్య స్వరాల్లో సి. దానికి కలవాలని చాలామంది జి, డి, ఏ, ఇ తీగలను ఎఫ్, సి, జి, డి దాకా దించుతారు. మన విద్యార్థులూ ప్రయత్నించవచ్చు. కానీ నాలుగు తీగలూ ఒక్కసారిగా వదులు చేయొద్దు. తీగలను మోసే బ్రిడ్జి ఒరుగుతుంది, వయొలిన్ లోపల నిలబెట్టిన చిన్న కర్ర పడిపోవచ్చు కూడా. ఒక్కో తీగ కొద్దికొద్దిగా దించుతూ బ్రిడ్జి నిటారుగా ఉందో లేదో చూసుకోవాలి. వదులైన తీగ మీద కమాను నొక్కితే గరగరమంటుంది, శ్రుతీ చెదురుతుంది. తేలిగ్గా, రెండు తీగలకూ సమంగా ఆనించాలి. ఒకదాని మీద పాట, పక్కదాని మీద ఆగని నాదం. కమాను బరువు ఎంత ఆనించాలో పక్కన కూర్చుని చూస్తేనే తెలుస్తుంది.

మన హరికథ వయొలిన్ కూడా అంతే. భాగవతార్ వచనం ఆపి పద్యం ఎత్తుకునేలోపు ఒక్క కమాను లాగుతో రాగం అందించాలి. కృతులు బాగా వాయించే పిల్లలు కూడా ఇక్కడ తడబడతారు. ఎడమచేతి వేళ్లు సిద్ధంగానే ఉంటాయి, కమాను ఎప్పుడు ఆపాలో తెలియదు.

శ్రీరామనవమికో దసరాకో హరికథ పెట్టించే ఆలయ కమిటీలకు మా విన్నపం ఒకటే. వయొలిన్ వాయించే పెద్దాయనకు కుడివైపు, కాస్త ముందుగా ఒక విద్యార్థికి చోటివ్వండి. సెల్‌ఫోన్‌ను లౌడ్‌స్పీకర్‌కు దూరంగా, ఆయనకు మూడు నాలుగు అడుగుల్లో స్టాండు మీద అడ్డంగా పెట్టించండి. మోచేయి నుంచి కమాను కొస దాకా కనబడాలి. ముఖం కనబడకపోయినా ఫర్వాలేదు. మొదట్లోనే శ్రుతి, రాగాల పేర్లు నోటితో చెప్పించి రికార్డు చేయాలి.

విద్యార్థికి బస్సు ఛార్జీలు, పెద్దాయనకు నేర్పినందుకు విడిగా సంభావన ఇవ్వండి. జీవితాంతం సంపాదించిన విద్యను ఊరికే ఇమ్మని అడగడం న్యాయం కాదు.

ఇట్లు,
వయొలిన్ ఉపాధ్యాయులు, కర్నూలు