డబ్బా మీద 25 వేల గంటలు, ఇంట్లో ఎనిమిది నెలలు

సంపాదకులకు,

పోయిన వారం మీ జిల్లా పేజీలో కరెంటు పొదుపు మీద వార్త వచ్చింది. అందరూ ఎల్‌ఈడీ బల్బులే వాడాలని అధికారులు మళ్లీ చెప్పారు. మా ఇంట్లో ఎన్నో ఏళ్లుగా అవే వాడుతున్నాం. పొదుపు మాట నేను కాదనను. రోజుకు ఆరు గంటలు వెలిగితే 60 వాట్ల పాత బల్బుకు నెలకు దాదాపు 11 యూనిట్లు అయ్యేవి. అంత వెలుగూ ఇచ్చే 9 వాట్ల ఎల్‌ఈడీకి రెండు యూనిట్లు కూడా కావు. మరి అది ఎన్నాళ్లు వెలుగుతుందో ఎవరూ ఎందుకు మాట్లాడరు?

కొత్త బల్బు పెట్టిన ప్రతిసారీ దాని మెడ మీద మార్కర్‌తో తేదీ రాయడం నా అలవాటు. రెండేళ్లలో ఐదు పోయాయి. వంటింట్లోది పద్నాలుగు నెలలు వచ్చింది. వరండాలోది ఎనిమిది నెలలు. బాత్‌రూమ్‌లో గాజు డోము లోపల పెట్టినది ఐదు నెలలకే ఆరిపోయింది. డబ్బా మీద మాత్రం 25,000 గంటలని ఉంది. రోజుకు ఆరు గంటల లెక్కన పదకొండేళ్లు రావాలి! పాత ఫిలమెంటు బల్బుకు వెయ్యి గంటలే ఆయుష్షు అనేవాళ్లు, ఇక ఈ డోములోది ఆ వెయ్యి కూడా దాటలేదు.

మా మరిది ఇలాంటివి రిపేరు చేస్తాడు. పోయినవాటిని విప్పి చూపించాడు. లోపల వెలుగిచ్చే చిప్పులన్నీ ఒకే వరుసలో కలిపి ఉంటాయట, ఒక్కటి కాలితే మొత్తం ఆరిపోతుంది. ఇక కరెంటును మార్చి ఇచ్చే డ్రైవర్‌లో చిన్న కెపాసిటర్, అంటే కరెంటును కాస్త నిల్వ ఉంచే భాగం, ఉంటుంది. వేడి పది డిగ్రీలు పెరిగితే దాని ఆయుష్షు సగానికి పడిపోతుంది. రోహిణీ కార్తెలో నెల్లూరులో రాత్రి పదింటికి కూడా గోడలు కాలుతుంటాయి. పైగా సముద్రపు గాలి తేమ. మూసి ఉన్న డోములో ఆ కెపాసిటర్ ఎన్నాళ్లు బతుకుతుంది? ఆ 25 వేల గంటలు కూడా చిప్పు వెలుగు 70 శాతానికి తగ్గడానికి పట్టే కాలమేనట. సాధారణంగా చిప్పును 6,000 గంటలు వెలిగించి చూసి, మిగతాది లెక్కగడతారు. డ్రైవర్ ముందే పోతే ఆ లెక్క మాకెందుకు? డబ్బా మీది స్టార్లు వాట్‌కు ఎంత వెలుగు వస్తుందో చెబుతాయి. ఎన్నాళ్లు మన్నుతుందో చెప్పవు.

వారంటీ ఉంది కదా అంటారు. షాపుకు తీసుకెళితే బిల్లేదీ అని అడిగారు. కొన్న రోజు నేను అడిగితే, నూరు రూపాయల బల్బుకు బిల్లేంటమ్మా అన్నది ఆ షాపువాళ్లే. ప్రభుత్వం తక్కువ ధరకు ఎల్‌ఈడీ బల్బులు ఇచ్చిన ఉజాలా పథకం 2015లో మొదలైనప్పుడు మూడేళ్లలోపు పోతే ఉచితంగా మార్చి ఇస్తామన్నారు. ఇప్పుడు పోయిన బల్బు పట్టుకుని ఎక్కడికి వెళ్లాలో మా వీధిలో ఒక్కరికీ తెలియదు.

వోల్టేజీ సంగతి వేరే చెప్పాలా? సాయంత్రం డిమ్ అవుతుంది, అర్ధరాత్రి ఒక్కసారిగా ఎగురుతుంది. ఫిర్యాదు చేస్తే నంబరు మెసేజ్ వస్తుంది, మనిషి రాడు. మా సందులో వీధి దీపాలు ఉదయం తొమ్మిదింటికి కూడా వెలుగుతూనే ఉంటాయి. మూడుసార్లు చెప్పాను. పక్కనే నేలటూరులో బొగ్గు కాల్చి తయారుచేసే కరెంటు ఇలా ఎండలో పోతుంటే, నన్ను వరండాలో బల్బు ఆర్పమంటారు. ఒకప్పుడు లైన్‌మన్ పేరు పెట్టి పిలిస్తే పలికేవాడు. ఇప్పుడు ఎవరు వస్తారో కూడా తెలియదు.

నేను అడిగేవి పెద్ద కోరికలు కావు. డబ్బా మీద గంటలతో పాటు ఎంత వేడి వరకు ఆ లెక్క వర్తిస్తుందో తెలుగులో వేయించాలి. డోములో పెట్టకూడదంటే అదీ రాయాలి. కొన్న తేదీ వేసి షాపు ముద్ర కొడితే, అదే బిల్లుగా చెల్లాలి. డ్రైవర్ ఒక్కటే మార్చుకునేలా బల్బులు చేయాలి. చిన్న కెపాసిటర్ పోయిందని మంచి చిప్పులను కూడా చెత్తబండిలో వేయడం నాకు మనసొప్పడం లేదు.

ఆ ఐదు బల్బులూ పారేయలేదు, తేదీలతో సహా సంచిలో దాచాను. పరీక్షకు కావాలని ఏ అధికారి అడిగినా నేనే తీసుకొచ్చి ఇస్తాను.

– ఒక గృహిణి, మూలాపేట, నెల్లూరు