బిళ్ల కోసం కార్డును కత్తిరించవద్దు

సంపాదకులు గారికి, నమస్కారం.

గత ఆదివారం మీ అనుబంధంలో తపాలా బిళ్లల సేకరణపై పిల్లల కోసం ప్రచురించిన వ్యాసం చదివి సంతోషించాను. అయితే పాత కార్డుల మీదా కవర్ల మీదా ఉన్న బిళ్లను చుట్టూ కత్తిరించి నీళ్లలో నానబెట్టి తీసుకోవాలని అందులో ఇచ్చిన సలహాను బ్రిటిషు కాలపు కాగితాల విషయంలో పాటిస్తే, జరిగే నష్టాన్ని ఎవరూ పూడ్చలేరు. ఆ కాలపు కార్డులనూ, కవర్లనూ, వార్తాపత్రికలకు చుట్టి పంపిన రేపర్లనూ ముప్పై ఏళ్లుగా సేకరిస్తున్న పాఠకుడిగా ఈ మాట మీ ద్వారా ఇతరులకు చేరాలని కోరుకుంటున్నాను.

మన దేశంలో పోస్టుకార్డు 1879 జూలై 1న వచ్చింది. దాని వెల పావు అణా, అంటే మన పెద్దల లెక్కలో ఒక కాణీ. విక్టోరియా రాణి తల ఉన్న బిళ్ల ఆ కార్డు మీద విడిగా అంటించినది కాదు, కార్డుతో పాటు అచ్చయినది. కాబట్టి దాన్ని నానబెట్టినా ఊడి రాదు. బిళ్ల కావాలనుకునేవారు కత్తెర పట్టవలసిందే. బిళ్ల అచ్చయి వచ్చే కవర్లకూ, లోపల గుడ్డ వేసి గట్టిగా తయారుచేసిన రిజిస్టరు కవర్లకూ ఇదే గతి పడుతుంది. సేకర్తల దృష్టిలో వీటికి విలువ ఉండేది పూర్తిగా ఉన్నప్పుడే.

ఈ తప్పు నేనూ చేశాను. నా పన్నెండో ఏట, మా పెదనాన్నగారు తీగకు గుచ్చి దూలానికి వేలాడదీసిన ఉత్తరాల కట్టను దింపి, రాజుల తలలున్న మూలలన్నీ కత్తిరించుకున్నాను. ఆ కార్డులు కొన్ని ఇప్పటికీ నా దగ్గర ఉన్నాయి. తపాలా ముద్ర సగం బిళ్ల మీదా సగం కార్డు మీదా పడుతుంది కనుక, ఏ ఊళ్లో ఏ తేదీన వేసిన ఉత్తరమో ఇప్పుడు తెలియదు. బిళ్ల వెనకవైపు ఉత్తరం ఆరంభం ఉండేది కనుక, మొదటి మూడు నాలుగు పంక్తుల మొదళ్లూ పోయాయి. రాసినవారు ఎవరిని ఏ వరుసతో సంబోధించారో, ఎవరిని ఆశీర్వదించారో చెప్పే మాటలు సరిగ్గా అక్కడే ఉండేవి. కత్తిరించిన బిళ్లలేమో ఆ కాలంలో లెక్కలేనన్ని అచ్చయినవి, వాటికి వెల కూడా ఏమంత లేదు.

మూల తెగని కార్డు ఎంత చెబుతుందో ఒక్క ఉదాహరణ ఇస్తాను. కార్డు వెల 1922లో అర్ధణాకు, 1931లో ముక్కాలణాకు పెరిగింది. తేదీ వేయని ఉత్తరమైనా అచ్చయిన బిళ్ల విలువను బట్టి, పైన అదనంగా అంటించిన బిళ్లను బట్టి ఏ సంవత్సరాల మధ్యదో ఊహించవచ్చు. కోస్తా జిల్లాల నుంచి బర్మాకు కూలికీ ఉద్యోగాలకూ వెళ్లినవారు రాసిన కార్డులు ఇప్పటికీ కొన్ని ఇళ్లలో ఉన్నాయి. రంగూను ముద్ర పడిన కార్డు మీద భారతదేశపు బిళ్ల ఉంటే అది 1937కు ముందుదని దాదాపు నిశ్చయంగా చెప్పవచ్చు, ఎందుకంటే ఆ ఏడాది ఏప్రిల్ 1న బర్మా మన దేశం నుంచి వేరుపడి, దాని తపాలా కూడా వేరయింది. తెలంగాణ ఇళ్లలోనైతే నిజాం సంస్థానం సొంత కార్డులు, కవర్లు దొరుకుతాయి. ఆ సంస్థానపు తొలినాళ్ల బిళ్లల మీద విలువ తెలుగు అక్షరాల్లో కూడా ఉండేది.

ఇక రేపర్ల సంగతి నాకు మరింత బాధ కలిగిస్తుంది. పత్రిక వచ్చిన ఇంట్లో మొట్టమొదట చినిగేది ఆ కాగితమే కనుక, దాన్ని దాచుకున్నవారు బహు కొద్దిమంది. ఇంగ్లండులో 1870 నుంచి బిళ్ల అచ్చయిన రేపర్లను తపాలా శాఖే అమ్మింది. మన పత్రికలు ఎక్కువగా తమ పేరు అచ్చువేయించుకున్న కాగితపు పట్టీల మీద చిన్న విలువ బిళ్లలు అంటించి పంపేవి. లోపల ఉత్తరం పెట్టలేదని ఉద్యోగులు విప్పకుండానే చూసుకోవడానికి వీలుగా రెండు కొసలూ తెరిచే ఉంచాలన్నది నియమం. అప్పట్లో ఒక తెలుగు పత్రిక ఏ మారుమూల ఊళ్లో ఎవరి ఇంటికి వెళ్లిందో చెప్పే చందాదారుల పట్టికలు మనకు దాదాపు మిగలలేదు. ఆ సమాచారం అక్కడక్కడా నిలిచినది ఈ పట్టీల మీదనే. ఆంధ్రపత్రిక 1908లో బొంబాయిలో వారపత్రికగా మొదలై, 1914లో మద్రాసు నుంచి దినపత్రికగా వెలువడిందని అందరికీ తెలుసు. బొంబాయి ముద్ర, ఆ పక్కనే ఒక తెలుగు పల్లె పేరు ఉన్న పట్టీ ఒక్కటి దొరికినా, అది ఆ తొలి సంవత్సరాల పాఠకుడి చిరునామా అవుతుంది. పైగా 1910 నాటి పత్రికల చట్టం అనుమానమున్న పొట్లాలను తపాలా కార్యాలయంలోనే నిలిపివేసే అధికారం ప్రభుత్వానికి ఇచ్చింది. అలాంటి రోజుల్లో ఫలానా పత్రిక ఫలానా తేదీన ఫలానా ఊరు చేరిందని చూపే ముద్రను చరిత్రకారులు కూడా చిన్నచూపు చూడరు.

నాకు దొరికిన రేపర్లలో అన్నిటికన్నా మంచిది ఒక పాత పంచాంగంలో గుర్తుకాగితంగా ఉంది, దాని లోపలివైపు ఎవరో పాల లెక్క రాసుకున్నారు. కనుక పాత పుస్తకాలు తూకానికి వేసేవారు ముందు పేజీల మధ్య ఒకసారి చూడవలసిందిగా ప్రార్థిస్తున్నాను. వేటపాలెం సారస్వత నికేతనం, రాజమహేంద్రవరం గౌతమీ గ్రంథాలయం వంటి చోట్ల పత్రికలను తరతరాలుగా భద్రపరిచిన వారికి నా నమస్కారాలు. బైండు చేసిన సంపుటాల మధ్య ఎక్కడైనా ఇలాంటి పట్టీ మిగిలి ఉంటే, తీసి పారవేయకుండా దాని ఫోటో తీసి, ఏ సంచిక పక్కన దొరికిందో పెన్సిలుతో రాసి ఉంచమని సిబ్బందిని కోరుతున్నాను.

తీగ గుచ్చిన రంధ్రం ఉందనీ, మడత పడిందనీ, వెనక సిరా పాకిందనీ ఏ కార్డునూ తీసిపారవేయవద్దు. సెల్లోటేపు అంటించవద్దు, లామినేషన్ చేయించవద్దు. ఆ రెండింటి వల్ల పాడైన కాగితాలు చెదలు తిన్నవాటికంటే ఎక్కువే చూశాను. ఆమ్లం లేని కాగితపు కవరులో విడివిడిగా, తేమ తగలని చోట ఉంచితే చాలు. పిల్లలకు నానబెట్టడం నేర్పాలంటే ఈ రోజుల్లో వచ్చే మామూలు ఉత్తరాల బిళ్లలతో నేర్పవచ్చు. వచ్చే ఆదివారం అనుబంధంలో ఆ వ్యాసానికి కొనసాగింపుగా, స్వాతంత్ర్యానికి ముందటి కార్డునూ కవరునూ రేపరునూ కత్తిరించకుండా ఉన్నదున్నట్టు ఉంచాలన్న సవరణను దయచేసి ప్రచురించండి.

ఇట్లు,
మీ పాఠకుడు